ఆర్‌వీలో శాటిలైట్ టీవీ: యాంటెనా కొనేముందు చెట్లను చూడండి

మేం మొదటిసారి ఆర్‌వీ (లోపలే ఉంటూ తిరిగే ఇల్లులాంటి బండి) కొన్నప్పుడు, పైకప్పు మీద గుండ్రటి డోమ్ యాంటెనా కూడా బిగించి ఇచ్చారు. బటన్ నొక్కితే శాటిలైట్‌ను అదే వెతుక్కుంటుందని, అన్ని ఛానళ్లూ వస్తాయని షాపులో చెప్పారు. మొదటి ట్రిప్ జులైలో, కొలరాడోలో పైన్ చెట్ల మధ్య ఉన్న ఒక క్యాంప్‌గ్రౌండ్‌కి. ఎండ తగలకుండా మంచి నీడ చూసుకుని బండి పెట్టాం. డోమ్ లోపల మోటారు అరగంట తిరుగుతూనే ఉంది, టీవీలో బొమ్మ మాత్రం రాలేదు. మర్నాడు బండిని చెట్లు లేని చోటికి మార్చాక ఇంగ్లిష్ ఛానళ్లు వచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన నాన్న రోజూ రాత్రి చూసుకునే తెలుగు వార్తలు మాత్రం రాలేదు. ఆ యాంటెనాకు అవి ఎప్పటికీ రావని అర్థమయ్యేసరికి ట్రిప్పే అయిపోయింది.

ఈ రెండు ఇబ్బందులూ కొనేముందే తప్పించుకోగలిగినవి. అందుకే ఇక్కడ యాంటెనా గురించి నాలుగో మెట్టు దాకా మాట్లాడను. ముందు ఏం చూస్తారో, తర్వాత ఏ కంపెనీయో, ఆ తర్వాత బండి ఎక్కడ ఆపుతారో తేలాలి. ఆ మూడూ తేలాక యాంటెనా ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

1. అసలు శాటిలైట్ టీవీ అవసరమా?

అమెరికాలో ఇప్పుడు దీనికి మూడు దారులున్నాయి. మొదటిది మామూలు గాలి యాంటెనా, అంటే ఊళ్లోని టీవీ టవర్ల సిగ్నల్‌ను నేరుగా పట్టేది. చాలా ఆర్‌వీల పైకప్పు మీద ఇది ముందే ఉంటుంది. దగ్గర్లో ఊరుంటే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ ఉచితంగా వస్తాయి. ఊళ్లకు దగ్గరగా ఉన్న ఆర్‌వీ పార్కుల్లోనే ఆగుతూ, సాయంత్రం లోకల్ వార్తలు, ఆదివారం ఫుట్‌బాల్ చూస్తే చాలనుకునేవాళ్లు ఇంకేమీ కొనక్కర్లేదు.

రెండోది ఇంటర్నెట్. శాటిలైట్ల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ 2022లో ఆర్‌వీల కోసం ప్లాన్ తెచ్చాక చాలామంది అటు మళ్లారు. పిల్లల యూట్యూబ్, ఆఫీసు కాల్స్, తెలుగు ఓటీటీలు అన్నీ దాంట్లోనే అయిపోతాయి. ఇంట్లో కూడా మీరు యాప్‌లలోనే చూస్తూ ఉంటే, బండి కోసం కొత్తగా శాటిలైట్ టీవీ పెట్టుకోమని నేను చెప్పను.

మూడోది మన విషయం, శాటిలైట్ టీవీ. దీన్ని ఇచ్చే కంపెనీలు డిష్ నెట్‌వర్క్, డైరెక్‌టీవీ. లైవ్ స్పోర్ట్స్, కేబుల్ ఛానళ్లు నెల డేటాతో పనిలేకుండా, సెల్ టవర్ లేని చోట కూడా రావాలనుకునేవాళ్లకు ఇది ఇప్పటికీ మంచి దారే. చెట్ల విషయంలో దీనికి ఒక లాభం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. స్టార్‌లింక్ శాటిలైట్లు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో కదులుతూ ఉంటాయి కాబట్టి దానికి ఆకాశం విశాలంగా కనిపించాలి. టీవీ శాటిలైట్లు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మనకు ఒకే చోట నిలబడినట్టు ఉంటాయి. చుట్టూ చెట్లున్నా సరే, సరిగ్గా ఆ దిక్కులో కొమ్మల మధ్య చిన్న సందు దొరికితే బొమ్మ వచ్చేస్తుంది.

2. కంపెనీని ముందు తేల్చుకోండి

ఒక కంపెనీ కోసం చేసిన యాంటెనా చాలావరకు ఇంకో కంపెనీకి పనికిరాదు. రెండింటికీ పనిచేస్తాయని అమ్మే మోడళ్లు కొన్ని ఉన్నా, వాటిలోనూ ఏదో ఒక కంపెనీ దగ్గర కొంత తక్కువే వస్తుంది. కాబట్టి యాంటెనా బాగుందని కొని, తర్వాత కంపెనీ చూసుకుందాం అనుకోకండి.

డైరెక్‌టీవీ హెచ్‌డీ ఛానళ్లు 99, 103 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గరున్న శాటిలైట్ల నుంచి కా-బ్యాండ్‌లో, అంటే దాదాపు 20 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి. చిన్న డోమ్ యాంటెనాలు ఆ బ్యాండ్‌ను అందుకోలేవు. డైరెక్‌టీవీ హెచ్‌డీ కావాలంటే రెండే దారులు: ట్రైపాడ్ మీద డైరెక్‌టీవీ వాళ్ల స్లిమ్‌లైన్ డిష్ పెట్టుకోవడం, లేదా పైకప్పు మీద మోటారుతో పైకి లేచే పెద్ద డిష్ బిగించుకోవడం. ఇంట్లో డైరెక్‌టీవీ ఉంది కదా అని డోమ్ కొనేసిన వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డిష్ నెట్‌వర్క్ హెచ్‌డీ 12.2 నుంచి 12.7 గిగాహెర్ట్జ్ మధ్య, కు-బ్యాండ్‌లో వస్తుంది. చిన్న డోమ్ కూడా దాన్ని పట్టగలదు. ఆర్‌వీ వాళ్లలో ఎక్కువమంది డిష్ నెట్‌వర్క్ వైపు వెళ్లడానికి ఇదొక కారణం. ఇంకో కారణం డిష్ అవుట్‌డోర్స్ అనే ప్లాన్. ఏడాది ఒప్పందం లేకుండా, వెళ్లిన నెలకే డబ్బు కట్టుకోవచ్చు. ఏడాదిలో రెండు మూడు నెలలే బండి తీసేవాళ్లకు ఈ వెసులుబాటు ఛానళ్ల లెక్క కంటే ఎక్కువ ఉపయోగం.

తెలుగు ఛానళ్లు కావాలనుకునేవాళ్లు మాత్రం ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగండి. ఇంగ్లిష్ ఛానళ్లు వచ్చే శాటిలైట్ మీదే మన ఛానళ్లు కూడా ఉంటాయని అనుకోవద్దు. డిష్ నెట్‌వర్క్ అంతర్జాతీయ ఛానళ్లలో చాలావాటికి 118.7 డిగ్రీల దగ్గరున్న వేరే శాటిలైట్‌ను వాడుతూ వచ్చింది. దానికి కొంచెం పెద్ద డిష్, వేరే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే భాగం) కావాలి. కంపెనీకి ఫోన్ చేసి, మీకు కావలసిన ఛానళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, "ఇవి ఏ డిగ్రీ శాటిలైట్ మీద వస్తాయి? ఈ మోడల్ యాంటెనా దాన్ని పడుతుందా?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే కొనకండి. అమ్మానాన్నలకు తెలుగు ఛానళ్లే ముఖ్యమైతే, ఇంటర్నెట్‌లో చూపించడమే ఇప్పుడు తేలిక.

3. ఆకాశంలో ఎటు చూడాలో నేర్చుకోండి

ఈ మెట్టు మాత్రం తొందరపడి దాటకండి. ఇది ఒంటబడితే ఏ యాంటెనా కొన్నా మీరే సర్దుకోగలరు.

టీవీ శాటిలైట్లన్నీ భూమధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి అమెరికా నుంచి చూస్తే అవి దక్షిణం వైపే ఉంటాయి. మీరున్న చోటు రేఖాంశాన్ని బట్టి ఆగ్నేయానికో నైరుతికో జరుగుతాయి. డిష్ నెట్‌వర్క్‌కు రెండు గుంపులున్నాయి. వెస్టర్న్ ఆర్క్ అంటే 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గరున్నవి. ఈస్టర్న్ ఆర్క్‌లో ముఖ్యమైనవి 61.5, 72.7 డిగ్రీలు. మామూలు ఛానళ్లు రెండు గుంపుల్లోనూ దొరుకుతాయి, మీకు ఏది బాగా కనిపిస్తే అది వాడుకోవచ్చు.

ఒక లెక్క చూద్దాం. డెన్వర్‌లో నిలబడితే 110 శాటిలైట్ దాదాపు నేరుగా దక్షిణానికి, కొంచెం పడమరగా, నేల నుంచి 44 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 119 ఇంకా పడమరకు జరిగి 42 డిగ్రీల ఎత్తున, 129 నైరుతిలో 38 డిగ్రీల ఎత్తున ఉంటాయి. మూడూ హాయిగా అందే ఎత్తే. ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కి వెళ్లండి. అక్కడ అదే 129 శాటిలైట్ నేల నుంచి 14 డిగ్రీల లోపే ఉంటుంది. ఏ చెట్టైనా, పక్కన ఆగిన బండైనా అడ్డం వస్తుంది. అదే ఊళ్లో 61.5 శాటిలైట్ 39 డిగ్రీల ఎత్తున ఉంటుంది. న్యూ ఇంగ్లండ్ వైపు తిరిగేవాళ్లు ఈస్టర్న్ ఆర్క్ పట్టే యాంటెనా తీసుకోవాలనేది ఇందుకే. మీరు ఎక్కువగా తిరిగే రాష్ట్రాలు ఏవో రాసుకుని, ఏ ఆర్క్ ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో ముందే చూసుకోండి. డిష్‌పాయింటర్ లాంటి వెబ్‌సైట్లలో ఊరి పేరు కొడితే దిక్కు, ఎత్తు, స్క్యూ (డిష్‌ను పక్కకు వాల్చే కొలత) మూడూ చెప్తాయి.

ఇక క్యాంప్‌సైట్‌లో ఆ ఎత్తును కంటితో కొలవడం ఎలా? చెయ్యి బారుగా ముందుకు చాపి పిడికిలి పట్టండి. కంటికి ఆ పిడికిలి ఎత్తు దాదాపు 10 డిగ్రీలు. నేల గీత దగ్గర మొదలుపెట్టి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్తే, నాలుగు పిడికిళ్లకు 40 డిగ్రీలు. అక్కడ నీలి ఆకాశం కనిపిస్తే సరే, ఆకులు కనిపిస్తే కుదరదు. 110కి, 119కి మధ్య దూరం కూడా అమెరికా నుంచి చూస్తే ఇంచుమించు ఒక పిడికిలే.

చెట్టుకు ఎంత దూరంలో పెట్టాలన్నది కూడా ఇలాగే తేలుతుంది. మీ యాంటెనా కంటే 60 అడుగులు ఎత్తున్న చెట్టు శాటిలైట్ దిక్కులో ఉందనుకోండి. శాటిలైట్ 40 డిగ్రీల ఎత్తున ఉంటే చెట్టుకు కనీసం 72 అడుగుల దూరం కావాలి. 30 డిగ్రీల ఎత్తుంటే 104 అడుగులు కావాలి. బండి పైకప్పు మీది యాంటెనాను అంత దూరం జరపలేం. నేల మీద పెట్టేదైతే కేబుల్ చుట్ట పట్టుకుని నడిచి వెళ్లి పెట్టుకోవచ్చు.

ఆకులు పల్చగా ఉన్నాయి కదా అనుకోవద్దు. ఈ సిగ్నల్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల లోపే. ఆకుల్లోని నీరు దాన్ని పీల్చేస్తుంది. ఆకురాలు కాలంలో చక్కగా వచ్చిన చోటే జూన్‌లో ఏమీ రాకపోవచ్చు. ఎండ పడుతోంది కాబట్టి సిగ్నల్ కూడా వస్తుందనుకోవడం మరో పొరపాటు. జూన్ మధ్యాహ్నం సూర్యుడు డెన్వర్ అక్షాంశం దగ్గర 70 డిగ్రీలు దాటి ఉంటాడు, శాటిలైట్ ఉండేది 40 దగ్గర. చెట్టు పైనుంచి ఎండ పడుతూనే ఉంటుంది, శాటిలైట్ మాత్రం అదే చెట్టు వెనక దాక్కుంటుంది. మార్చి మొదట్లో, అక్టోబర్ మొదట్లో మాత్రం సూర్యుడు ఇంచుమించు శాటిలైట్ల వరుస మీదుగానే నడుస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం నీడ చూస్తే అడ్డం ఉందో లేదో తెలిసిపోతుంది.

4. మూడు రకాల్లో మీకు తగ్గది

ఇప్పుడు యాంటెనా. సైట్‌లో నీడ కావాలా, సిగ్నల్ కావాలా అన్న ప్రశ్న మీకు ఎంత తరచుగా వస్తుందో దాన్నిబట్టే ఎంచుకోండి. టెక్సస్‌లో ఆగస్టులో నీడ లేకుండా బండి పెడితే ఏసీ ఎంత తిప్పినా చాలదు. నీడలో పెడితే పైకప్పు యాంటెనా పనిచేయదు.

మొదటి రకం, పైకప్పు మీద బిగించేవి. వీటిలో డోమ్ సుఖంగా ఉంటుంది. వాన పడుతున్నా బయటికి వెళ్లక్కర్లేదు, దొంగల భయం లేదు, బటన్ నొక్కితే చాలు. ఒక్కో రాత్రి ఒక్కో చోట ఆగుతూ, ఎక్కువగా చెట్లు లేని ఆర్‌వీ పార్కుల్లో, ఎడారి రాష్ట్రాల్లో తిరిగేవాళ్లకు ఇదే సరి. కదులుతున్నప్పుడు కూడా పట్టే ఇన్-మోషన్ డోమ్‌లు ఉన్నాయి, వెనక కూర్చున్న పిల్లలు చూసుకోవడానికి. వాటికి ధర బాగా ఎక్కువ. దారంతా టీవీ నిజంగా కావాలా అని ఇంట్లో ఒకసారి మాట్లాడుకున్నాకే కొనండి.

పైకప్పు మీదే, వాడనప్పుడు పడుకుని ఉండి, ఆపాక లేచి తిరిగే పెద్ద డిష్‌లు కూడా ఈ మొదటి రకంలోనివే. విన్‌గార్డ్ ట్రావ్‌లర్ ఇలాంటిదే. ఇవి మూడు శాటిలైట్లనూ ఒకేసారి చూస్తాయి, వానలో కూడా డోమ్ కంటే గట్టిగా నిలబడతాయి. ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, బిగించే కూలి వేరు. ఏడాదిలో సగం రోజులు బండిలోనే ఉండే జంటలకు, ఇద్దరూ వేర్వేరు టీవీలు చూసే ఇళ్లకు ఇది తగ్గ ఖర్చే. పైకప్పు మీద ఏది బిగించినా చెక్కలోకి స్క్రూలు దిగుతాయి. ఆ కన్నాల మీద, బేస్ చుట్టూ ఆర్‌వీ పైకప్పుకు తగిన ల్యాప్ సీలెంట్ దట్టంగా వేయించండి. నీరు దిగితే పాడయ్యేది యాంటెనా కాదు, బండే. ఏసీ యూనిట్ పక్కనే పెట్టనివ్వకండి, అది ఒకవైపు ఆకాశాన్ని కప్పేస్తుంది.

రెండో రకం, నేల మీద పెట్టే ఆటోమేటిక్ డోమ్. టెయిల్‌గేటర్, పాత్‌వే లాంటివి ఈ కోవలోవే. చేతి పిడి ఉంటుంది, బరువు తక్కువ, కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది. బండి నీడలో, డోమ్ ఎండలో, మధ్యలో 50 అడుగుల కేబుల్. ఏడాదికి ఆరేడు వారాంతాలు వెళ్లే కుటుంబం ఎవరైనా నన్ను అడిగితే ముందు దీన్నే చెప్తాను. నేనైతే దానికి ఒక సైకిల్ తాళం కూడా వేస్తాను.

ఏ డోమ్‌తోనైనా ఒక పరిమితి ఉంది. లోపలి చిన్న డిష్ ఒకసారికి ఒకే శాటిలైట్ వైపు చూస్తుంది. మీరు పెట్టిన ఛానల్ 119 మీద ఉంటే అటు తిరుగుతుంది, తర్వాత పెట్టింది 110 మీద ఉంటే మళ్లీ ఇటు తిరుగుతుంది. ఒక్క టీవీకి ఇది సమస్య కాదు. రెండో టీవీ పెట్టారనుకోండి, మొదటి టీవీ వాళ్లు ఏ శాటిలైట్ మీద ఉన్నారో రెండోవాళ్లకు ఆ శాటిలైట్ ఛానళ్లే దొరుకుతాయి. ఒక ఛానల్ రికార్డు పెట్టి ఇంకోటి చూడటం కూడా ఇలాగే దెబ్బతింటుంది.

మూడో రకం, ఇంటి పైకప్పుల మీద కనిపించే మామూలు డిష్‌నే ట్రైపాడ్ మీద పెట్టుకోవడం. డిష్ నెట్‌వర్క్‌కు వెస్టర్న్ ఆర్క్ అయితే 1000.2, ఈస్టర్న్ ఆర్క్ అయితే 1000.4. డైరెక్‌టీవీకి స్లిమ్‌లైన్. ఖర్చు అన్నిటికంటే తక్కువ, సిగ్నల్ అన్నిటికంటే బలం, శాటిలైట్లన్నీ ఒకేసారి అందుతాయి. దీనికి పెట్టాల్సింది మీ ఓపిక. మొదటిసారి గంట పడుతుంది, అలవాటయ్యాక పది పదిహేను నిమిషాలు. ఒకే చోట వారం, రెండు వారాలు ఉండేవాళ్లకు ఆ పదిహేను నిమిషాలు ఒక లెక్కే కాదు. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే, ఇష్టంగానే వాడుతున్నాను. బండిలో సామాను పెట్టుకునే చోటు తక్కువున్నవాళ్లు, బరువు ఎత్తలేనివాళ్లు మాత్రం డోమే తీసుకోండి.

5. రిసీవర్, కేబుల్

ఇంట్లో రిసీవర్ (సెట్-టాప్ బాక్స్) విప్పి బండిలో పెట్టుకుందాం అనుకునేముందు అది మీ యాంటెనాతో పనిచేస్తుందో లేదో చూడండి. డిష్ నెట్‌వర్క్ వాళ్ల చిన్న రిసీవర్ వాలీని ఆర్‌వీల్లో ఎక్కువగా వాడతారు. ఆటోమేటిక్ డోమ్‌లతో మాట్లాడటం దానికి తెలుసు. ఇంట్లో ఉండే పెద్ద రిసీవర్ హాపర్ అన్ని డోమ్‌లతోనూ కుదరదు.

కేబుల్ ఆర్‌జీ-6 అయి ఉండాలి. పాత బండ్ల గోడల్లో సన్నటి ఆర్‌జీ-59 ఉండొచ్చు. శాటిలైట్ సిగ్నల్ కేబుల్‌లో 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రయాణిస్తుంది, పాత కేబుల్ దాన్ని సగం దారిలోనే నీరసపరుస్తుంది. బయట గోడ మీద రెండు పోర్టులుంటే "శాట్" అని రాసినదానికే తగిలించండి. "కేబుల్" అని ఉన్న పోర్టు సాధారణంగా గాలి యాంటెనా బూస్టర్ గుండా వెళ్తుంది. రిసీవర్ అదే కేబుల్‌లో యాంటెనాకు కరెంటు కూడా పంపాలి, మధ్యలో బూస్టరో మామూలు స్ప్లిట్టరో ఉంటే అది ఆగిపోతుంది. అనుమానం వస్తే కిటికీలోంచి కేబుల్‌ను నేరుగా రిసీవర్‌కు పెట్టి చూడండి. బొమ్మ వస్తే తప్పు బండి వైరింగ్‌లో ఉన్నట్టే.

6. బ్యాటరీ లెక్క

హుక్అప్ (కరెంటు కనెక్షన్) ఉన్న సైట్‌లో దీని గురించి ఆలోచించక్కర్లేదు. లేని చోట, టీవీ 40 వాట్లు, రిసీవర్ 15 వాట్లు అనుకుంటే మూడు గంటలకు ఇన్వర్టర్ నష్టంతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 16 ఆంపియర్-అవర్ల దాకా పోతుంది. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో మనం వాడుకోదగింది సగమే కాబట్టి, అందులో మూడో వంతు టీవీకే అయిపోతుంది. మిగిలినది ఫ్రిజ్ కంట్రోల్‌కు, లైట్లకు, రాత్రి హీటర్ ఫ్యాన్‌కు సరిపోతుందేమో లెక్క వేసుకోండి. రాత్రి జనరేటర్ వేసుకుందాంలే అనుకోకండి. చాలా క్యాంప్‌గ్రౌండ్‌లలో దానికి సమయాలుంటాయి.

7. సైట్ బుక్ చేసేటప్పుడే

ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్‌లకు రిక్రియేషన్.గవ్‌లో బుక్ చేస్తారు. అక్కడ చాలా సైట్లకు ఫొటోలు ఉంటాయి, నీడ ఉందో లేదో కూడా రాస్తారు. ఆ ఫొటోలు మీకు దిక్కు చెప్పవు కాబట్టి, పక్కనే శాటిలైట్ మ్యాప్ తెరిచి సైట్‌కు దక్షిణం వైపు ఏముందో చూడండి. దక్షిణాన రోడ్డో, మైదానమో, చెరువో ఉన్న సైట్ దొరికితే అదే తీసుకోండి. చెరువుకు ఉత్తరపు గట్టు మీది సైట్లు నాకు చాలా ఇష్టం. ముందు నీళ్లు కనిపిస్తాయి, వాటి మీద ఆకాశం ఖాళీగా ఉంటుంది.

8. ట్రైపాడ్ డిష్‌ను గురిపెట్టడం

ఈ పని మొదటిసారి అడవిలో చేయకండి. ఇంటి ముందు, వెలుతురులో, ఎవరూ తొందరపెట్టనప్పుడు రెండుసార్లు చేసి చూడండి.

ముందు స్తంభం నిటారుగా ఉండాలి. ట్రైపాడ్ కాళ్లు సర్దుతూ, స్తంభం పక్కన రెండు వైపులా లెవెల్ పెట్టి చూడండి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుని తర్వాత అరగంట పోగొట్టుకుంటారు. స్తంభం రెండు డిగ్రీలు వంగినా, డిష్ తిప్పేకొద్దీ ఎత్తు మారిపోతూ ఉంటుంది, మీరు పెట్టిన అంకెలకు అర్థం ఉండదు. కాళ్లకు టెంట్ మేకులు కొట్టండి, లేదా మధ్యలో నీళ్ల జగ్ వేలాడదీయండి. ఒక గ్యాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైనే, రెండు జగ్‌లుంటే మామూలు గాలికి కదలదు.

తర్వాత రిసీవర్ మెనూలో డిష్ సెటప్‌కు వెళ్లి మీరున్న చోటి జిప్ కోడ్ ఇవ్వండి. అది దిక్కు, ఎత్తు, స్క్యూ అంకెలు చెప్తుంది. స్క్యూ అంటే డిష్‌ను తన ముఖం చుట్టూ పక్కకు ఎంత వాల్చాలన్నది. స్క్యూ, ఎత్తు రెండూ డిష్ వెనకున్న స్కేళ్ల మీద పెట్టి బిగించేయండి. ఇక మిగిలింది పక్కకు తిప్పడం ఒక్కటే.

దిక్కు కోసం ఫోన్‌లో దిక్సూచి వాడుతుంటే, అసలు ఉత్తరం చూపించే సెట్టింగ్ పెట్టారో లేదో చూడండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ సియాటెల్ దగ్గర దాదాపు 15 డిగ్రీల తేడా ఉంటుంది, అంటే ఒక శాటిలైట్‌ను దాటిపోయేంత. ఇనుప ట్రైపాడ్ పక్కన, బండి పక్కన దిక్సూచి అబద్ధం చెప్తుంది. నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి చూసి, ఆ దిక్కులో దూరంగా కనిపించే ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, డిష్‌ను దానివైపు తిప్పండి.

చూపుకు డిష్ ముఖం ఇంచుమించు నిలువుగా, ఎదురుగా ఉన్న పొదలవైపు చూస్తున్నట్టు ఉంటుంది. అది చూసి చాలామంది ఎత్తు తప్పు పెట్టామేమో అని స్కేలు మార్చేస్తారు. మార్చకండి. ఈ డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ నడిమధ్యలో కాకుండా కింద ఉంటుంది, సిగ్నల్ పైనుంచి ఏటవాలుగా వచ్చి దానిమీద పడుతుంది. డిష్ అసలు చూసేది దాని ముఖం చూపించేదానికంటే దాదాపు 20 డిగ్రీలు పైకి. అడ్డం ఉందా అని చూడాల్సింది కూడా అక్కడే.

ఇప్పుడు రిసీవర్ తెర మీద సిగ్నల్ మీటర్ పెట్టి, లోపల ఒకరిని కూర్చోబెట్టండి. మా ఇంట్లో ఈ పని అమ్మాయిది, ఫోన్‌లో అంకెలు చదువుతుంది. గుర్తు పెట్టుకున్న చెట్టుకు కొంచెం ఎడమ నుంచి మొదలుపెట్టి, కుడివైపుకి వేలెడంత తిప్పండి, మూడు సెకన్లు ఆగండి, మళ్లీ తిప్పండి. మీటర్ కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఆగకుండా తిప్పితే శాటిలైట్ మీదుగా వెళ్లిపోయినా మీకు తెలియదు. అంకె పెరగడం మొదలవగానే ఇంకా మెల్లగా తిప్పి, ఎక్కువ వచ్చిన చోట ఆగండి. అప్పుడు ఎత్తును వెంట్రుకవాసి పైకీ కిందికీ మార్చి చూసి బోల్టులు బిగించండి. బిగించేటప్పుడు డిష్ కాస్త జరుగుతుంది, అందుకే బోల్టులు రెండువైపులా మార్చి మార్చి బిగించి, అంకె మళ్లీ చదివించుకోండి.

సిగ్నల్ బలంగా వచ్చినా అది మీ శాటిలైటేనా అన్నది చూడాలి. తెర మీద 110, 119 అని పేర్లు పడి లాక్ అయినట్టు ఉండాలి. మీటర్ నిండా ఉండి లాక్ లేదంటే పక్క శాటిలైట్‌ను పట్టారన్నమాట, ఇంకో పిడికిలి దూరం తిప్పి చూడండి. అంతా కుదిరాక స్తంభం మీద, ట్రైపాడ్ కాళ్ల కొలతల మీద పెయింట్ పెన్‌తో గీతలు పెట్టుకోండి. వచ్చే ట్రిప్‌లో సగం పని తగ్గుతుంది.

9. లోకల్ ఛానళ్లు పోయినప్పుడు

ఇల్లు దాటి కొన్ని గంటలు వెళ్లాక మిగతా ఛానళ్లన్నీ వస్తూ, మీ ఊరి ఎన్‌బీసీ, ఫాక్స్ మాత్రం ఆగిపోతే యాంటెనాను తిట్టకండి. లోకల్ ఛానళ్లను శాటిలైట్ చిన్న చిన్న ప్రాంతాల మీదకే స్పాట్ బీమ్‌లుగా పంపుతుంది. ఆ వెలుగు దాటి వెళ్లారు, అంతే. డిష్ నెట్‌వర్క్‌కు ఫోన్ చేసి సర్వీస్ అడ్రస్‌ను ఇప్పుడున్న చోటికి మార్పించుకుంటే అక్కడి లోకల్ ఛానళ్లు వస్తాయి. దూరపు నగరాల నెట్‌వర్క్ ఛానళ్లు తీసుకునే వీలును 2019 చట్టం చాలామందికి తీసేసినా, ఆర్‌వీలకు, లారీలకు ఉంచింది. డైరెక్‌టీవీ వాళ్లు దీనికి బండి రిజిస్ట్రేషన్ కాగితాలు అడుగుతారు, ట్రిప్‌కు కొన్ని వారాల ముందే పంపండి. రెండు రోజుల ట్రిప్‌కు ఇదంతా ఎందుకు, గాలి యాంటెనా పైకి ఎత్తి ఛానల్ స్కాన్ కొట్టండి.

10. వాన, మంచు, బయల్దేరడం

గట్టి వానలో సిగ్నల్ పోవడం మామూలే, మబ్బు దాటాక తిరిగి వస్తుంది, డిష్‌ను కదపకండి. వాన ఆగినా డోమ్‌తో బొమ్మ రాకపోతే దాని మీద నిలిచిన నీటి చుక్కలను మెత్తటి గుడ్డతో తుడవండి, పొద్దున పూట పేరుకునే మంచు కూడా ఇలాగే అడ్డం పడుతుంది. కేబుల్ చివర కనెక్టర్లు తడిస్తే లోపలి రాగి తీగ పచ్చబడుతుంది, నేల మీద కాకుండా దేనికైనా ఆనించి పెట్టండి.

బయల్దేరే రోజు నేల మీది సామాను సర్దాక, పైకప్పు మీది యాంటెనాలు దిగాయో లేదో స్విచ్ మీది లైటును నమ్మకుండా, బండి దిగి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి కళ్లతో చూడండి. ఆ తర్వాతే గేర్ వేయండి.